పిల్లల సైకలాజికల్ అసెస్‌మెంట్: వరంగల్ చుట్టుపక్కల ఎంత తీసుకుంటున్నారు? ముందు ఏది చేయించాలి?

హన్మకొండ_అమ్మ | రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి. మూడో తరగతి, ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం. మాటలు బాగా మాట్లాడతాడు. కూరగాయలకు తీసుకెళ్తే ఎంతయింది, ఎంత తిరిగి రావాలి అన్నది నోటితోనే చెప్పేస్తాడు. అదే కాగితం మీద రాయమంటే చేతకాదు. బి రాయాల్సిన చోట డి రాస్తాడు, తెలుగులో ఒత్తులు ఎగిరిపోతాయి, బోర్డు మీద ఉన్నది సగం దించుకునేలోపు పీరియడ్ అయిపోతుంది.

పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్ పక్కకు పిలిచి, "సైకాలజిస్టు దగ్గర అసెస్‌మెంట్ చేయించి రిపోర్టు తెండి, లేకపోతే నాలుగో తరగతికి పంపడం కష్టం" అన్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఒక సెంటర్‌కు ఫోన్ చేస్తే అన్ని టెస్టులూ కలిపి ప్యాకేజీ 14,000 అన్నారు. ఐక్యూ, ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం), లెర్నింగ్ డిజెబిలిటీ (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం) అన్నీ అందులోనే అట. ఇంకో చోట కన్సల్టేషన్ 700, తర్వాత ఒక్కో టెస్టుకు 2,500, ఎన్ని టెస్టులో బాబును చూశాకే చెప్తామన్నారు.

మా ఆయన బట్టల షాపులో చేస్తారు. ఆయన నెల జీతంలో చాలా భాగం ఆ ప్యాకేజీకే పోతుంది. పెట్టొద్దని కాదు, పెట్టినందుకు బాబుకు ఏదైనా మేలు జరగాలి కదా. చేయించిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

సింగరేణి_నాన్న | రాత్రి 10:05

అక్కా, ఆ ప్యాకేజీకి ఇప్పుడే అడ్వాన్సు కట్టకండి. మేం గోదావరిఖనిలో ఉంటాం. మా పాపకు నాలుగేళ్లప్పుడు ఒక ప్రైవేటు సెంటర్‌లో చేయించాం. బిల్లు ఫైల్లోనే ఉంది, చూసి రాస్తున్నా. రిజిస్ట్రేషన్ 300, కన్సల్టేషన్ 800, ఐక్యూ 3,000, ఆటిజం స్కేలు 2,500, బిహేవియర్ చెక్‌లిస్టు 1,500, రిపోర్టు ఛార్జీలు 1,000. మొత్తం 9,100.

చేతికి వచ్చింది ఒకే ఒక పేజీ. ఒక ఐక్యూ అంకె, "మైల్డ్ ఆటిస్టిక్ ఫీచర్స్" అని ఒక లైను, కింద "థెరపీ అడ్వైజ్డ్". ఏ టెస్టు వాడారో పేరు లేదు. పాపకు ఏం వచ్చు, ఏం రాదు అన్నది లేదు. సంతకం పెట్టినాయన రిజిస్ట్రేషన్ నంబరు కూడా లేదు. ఆ తర్వాత సర్టిఫికెట్ కోసం వెళ్తే ఆ కాగితం పనికి రాలేదు, అన్నీ మొదటి నుంచి చేశారు.

ఇంకో మాట. పేరు పెట్టి పిలిస్తే పాప తిరిగి చూడట్లేదన్నదే మా బాధ. చెవి పరీక్ష చేయించారా అని ఆ సెంటర్‌లో ఎవరూ అడగలేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ మొదట ఈఎన్‌టీకే పంపింది. చెవుల్లో ద్రవం చేరి వినికిడి తగ్గిందని తేలింది. దానికి వైద్యం చేయించి, స్పీచ్ థెరపీకి తీసుకెళ్లాక పాపలో చాలా మార్పు వచ్చింది.

క్లినిక్_టేబుల్ | రాత్రి 10:50

హన్మకొండ అమ్మగారూ, నేను క్లినికల్ సైకాలజిస్టును. బాబును చూడకుండా ఏ పేరూ పెట్టను. కానీ మీరు రాసినదాన్ని బట్టి తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: మాటలో, ఆలోచనలో చురుగ్గా ఉన్న పిల్లాడు చదవడంలో, రాయడంలో ఎందుకు వెనకబడుతున్నాడు? నాలుగు పేర్లు కలిపిన ప్యాకేజీ ఈ ప్రశ్నకు అవసరం లేదు.

మామూలుగా జరగాల్సిన వరస ఇది. ముందు కళ్లు, చెవులు చూపించాలి. తర్వాత మీతో కూర్చుని కాన్పు దగ్గర నుంచి మాటలు ఎప్పుడొచ్చాయి, స్కూలు ఎప్పుడు మారాడు అన్న చరిత్ర తీసుకుంటారు. ఆపైన ఒక ఐక్యూ టెస్టు. మన దగ్గర ఎక్కువగా వాడేవి బినే-కామత్, మిసిక్, వెక్స్లర్. ఐక్యూ మామూలుగా ఉండి, చదువులో మాత్రం తేడా కనిపిస్తే లెర్నింగ్ డిజెబిలిటీ టెస్టు. సర్టిఫికెట్ దాకా వెళ్లాలంటే కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి చెప్పింది నిమ్‌హాన్స్ బ్యాటరీ, అంటే బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ తయారుచేసిన టెస్టుల సెట్టు. అందులో 5 నుంచి 7 ఏళ్ల వాళ్లకు ఒక లెవెల్, 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకు ఇంకో లెవెల్ ఉంటాయి. చదవడం, స్పెల్లింగ్, అర్థం చేసుకోవడం, లెక్కలు, జ్ఞాపకం, ధ్యాస వేర్వేరుగా చూస్తారు. ధ్యాస మీద అనుమానం ఉంటే మీరూ టీచరూ నింపే ప్రశ్నావళి సరిపోతుంది, దానికి వేలకు వేలు అక్కర్లేదు.

ఆటిజం స్కేలు ఎందుకు చేస్తున్నారని ఆ సెంటర్‌ను అడగండి. "అన్నీ చేస్తే మంచిది కదా" అన్నది జవాబు కాదు. అడిగితే కోప్పడే చోట చేయించకండి.

భవిత_టీచర్ | మరుసటి రోజు, ఉదయం 6:30

నేను భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, ఐఈఆర్‌పీని (ఆ పిల్లలకు నేర్పే టీచర్‌ని), మాది పరకాల వైపు. మా దగ్గరకు వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అప్పటికే పది వేలు ఖర్చు పెట్టుకుని వస్తారు. ఆ డబ్బు థెరపీకి మిగిలితే బాగుండేదని చాలాసార్లు బాధనిపిస్తుంది. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నా.

ప్రభుత్వంలో దారి ఉంది. ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు వర్తిస్తుంది. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వాళ్ల మొబైల్ టీమ్ రావాలి. ఎదుగుదలలో తేడా కనిపించిన పిల్లలను డైక్‌కు, అంటే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అక్కడ పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పీచ్, ఫిజియో ఒకే చోట ఉండాలన్నది ఉద్దేశం. సిబ్బంది కొరత లేదని నేను చెప్పను. ఏ రోజు ఎవరుంటారో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ప్రైవేటు బడి పిల్లలను నేరుగా తీసుకెళ్లినా చూశారు, మా మండలం నుంచి వెళ్లిన వాళ్లు చెప్పారు.

ఇక్కడ పని కాకపోతే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి, మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ, అంటే బుద్ధిమాంద్యం ఉన్న వాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉంది. 1984 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఆటిజం కొలవడానికి దేశమంతా వాడే ఇసా స్కేలు తయారైంది అక్కడే. ఛార్జీలు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. హన్మకొండ నుంచి ఉప్పల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అమ్మకు మహాలక్ష్మిలో జీరో టికెట్, బాబుకు హాఫ్ టికెట్ కొంటే చాలు. ఆధార్ మర్చిపోకండి. పొద్దున్నే బయల్దేరండి, రోజంతా పట్టొచ్చు. పిల్లాడికి ఇంటి అన్నం కట్టుకెళ్లండి. ఆకలితో ఉన్న పిల్లాడు టెస్టులో సరిగా కూర్చోడు.

తప్పకుండా తీసుకెళ్లాల్సినవి నోటు పుస్తకాలు. ఫెయిర్ నోట్స్ కాదు, రఫ్. క్లాసులో సొంతంగా రాసిన డిక్టేషన్, కొట్టివేతలతో ఉన్న పేజీలు. వాటిలోనే అసలు సంగతి కనిపిస్తుంది.

లెక్కల_సార్ | ఉదయం 8:15

ఖర్చు సంగతి పెద్దలు చెప్పారు, నేను బడి సంగతి చెప్తా. రిపోర్టు తేకపోతే నాలుగుకు పంపం అనడం కుదరదమ్మా. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్‌ను 2019లో సవరించినా, పిల్లలను ఆపే వెసులుబాటు ఐదు, ఎనిమిది తరగతులకే ఇచ్చారు. మూడో తరగతిలో ఆపే మాటే లేదు. ఇంకా, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వం నుంచి నిధులు గానీ గుర్తింపు గానీ పొందిన బడుల్లో పిల్లల లెర్నింగ్ డిజెబిలిటీని తొందరగా గుర్తించి, తగినట్టు బోధన మార్చేలా ప్రభుత్వం చూడాలి. తల్లిదండ్రుల మీద వదిలేసి చేతులు దులుపుకోవడానికి లేదు.

గొడవ పడమని చెప్పడం లేదు. ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: "మా బాబులో మీరు గమనించిన ఇబ్బందులేమిటో రాసి ఇవ్వండి, డాక్టరుకు చూపించాలి." టీచరు రాసిచ్చే ఆ అర పేజీ అసెస్‌మెంట్‌లో బాగా పనికొస్తుంది. బెదిరింపు మాట కూడా తగ్గుతుంది.

తండా_చదువు | ఉదయం 11:20

మాది మహబూబాబాద్ దగ్గర తండా. ఇంట్లో గోర్ బోలి (లంబాడీ భాష), వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్. మా తమ్ముడి కొడుకుకు ఒక చోట ఇంగ్లిష్‌లోనే ప్రశ్నలడిగి ఐక్యూ 62 వేశారు. ఆ అంకె చూసి ఇంట్లో ఏడుపులు. మా వదిన అన్నం ముట్టలేదు. వాడు ఒంటరిగా ఇరవై మేకలను తోలుకెళ్లి, ఒక్కటి తప్పకుండా ఇంటికి తెచ్చే పిల్లాడు.

తర్వాత ఇంకో మేడం దగ్గరకు తీసుకెళ్లాం. ఆమె మాటలతో పని లేని టెస్టులు పెట్టింది. రంగుల బొమ్మల్లో ఒక ముక్క ఖాళీగా ఉంటే ఏది సరిపోతుందో చూపించాలి. ఇంకోటి చెక్క పలక. పది ఆకారాలు, వాటికి సరిపోయే పది గుంటలు. స్టాప్‌వాచ్ పట్టుకుని మూడుసార్లు పెట్టించి, తక్కువ టైమ్ పట్టినదాన్ని లెక్కలోకి తీసుకుంది. వాడు రెండోసారికే గబగబా పెట్టేశాడు. మధ్యలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాడు గోర్ బోలిలో ఏమంటున్నాడో అడిగి రాసుకుంది. చివరికి తెలివికి ఏమీ లోటు లేదు, భాష మారడం వల్ల చదువు వెనకబడింది, ముందు తెలుగులో చదవడం గట్టిపరచండి అని రాసింది. ఫీజు 3,500.

డబ్బు ఎంతని అడిగే ముందు ఏ భాషలో చేస్తారని అడగండి.

క్లినిక్_టేబుల్ | మధ్యాహ్నం 1:30

తండా చదువు గారు రాసింది చాలా ముఖ్యమైన విషయం. ఆ మేడం పెట్టినవి రావెన్స్ రంగుల మ్యాట్రిసెస్, సెగ్విన్ ఫారం బోర్డు. బినే-కామత్‌లో మాటలు, అర్థాల మీద ఆధారపడే ప్రశ్నలు చాలా ఉంటాయి. గోర్ బోలి, కోయ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఆ ఒక్క టెస్టు మీదే అంకె వేయడం అన్యాయం. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే వాళ్లు ఇది గట్టిగా అడగాలి. రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకుంటాడో అడిగే వైన్‌లాండ్ స్కేలు కూడా పక్కన ఉండాలి. ఐక్యూ ఒక్కదాన్ని చూసి బుద్ధిమాంద్యం అని రాయకూడదు.

కరీంనగర్_శ్రీ | మధ్యాహ్నం 3:10

అందరూ ప్రభుత్వం ప్రభుత్వం అంటున్నారు, నా మాట కూడా వినండి. నేను ఆటో నడుపుతా. ఒక్క రోజు ఆటో తీయకపోతే ఆ రోజు కిస్తీకి డబ్బుండదు. జిల్లా ఆసుపత్రికి వెళ్తే సైకాలజిస్టు క్యాంపుకు వెళ్లారన్నారు, ఇంకో రోజు సెలవన్నారు, మరోసారి పొద్దున పది లోపు రావాల్సిందన్నారు. చివరికి అప్పు చేసి ప్రైవేటులో 6,000 పెట్టి చేయించా. ఆ మేడం రెండు సిట్టింగులు కూర్చుంది, ఏడు పేజీల రిపోర్టు ఇచ్చింది, ఇంట్లో ఏం చేయాలో, బడిలో టీచరు ఏం చేయాలో విడివిడిగా రాసింది. నా ఆటో కిరాయిలు పోయిన లెక్క చూస్తే ప్రైవేటే తక్కువ పడింది. ఉచితం అన్నది అందరికీ ఉచితం కాదు అన్నా.

భవిత_టీచర్ | మధ్యాహ్నం 3:45

తమ్ముడూ, నువ్వన్నది నిజం. రోజు కూలీ మీద బతికే ఇంటికి ప్రతి తిరుగుడూ ఒక ఖర్చే. డైక్‌లలో సైకాలజిస్టు పోస్టు ఖాళీగా ఉంటే నష్టపోయేది నీలాంటి వాళ్లే. ఇది జిల్లా అధికారులకు రాతపూర్వకంగా వెళ్లాలి. ప్రజావాణిలో నువ్వు ఇచ్చే దరఖాస్తుకు మా సంఘం వాళ్లు కూడా సంతకాలు పెడతారు. ఇక్కడే మెసేజ్ చెయ్.

క్లినిక్_టేబుల్ | సాయంత్రం 5:20

ఫీజులు ఎందుకంత అని చాలామంది అడుగుతారు, దాపరికం లేకుండా చెప్తా. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఐక్యూ, లెర్నింగ్ టెస్టు సరిగా చేయాలంటే అలసిపోకుండా రెండు పూటలు పడుతుంది. తర్వాత స్కోరింగ్, రిపోర్టు రాయడం, తల్లిదండ్రులకు విడమరిచి చెప్పడం. మొత్తం కలిపితే ఒక పని దినం దాటుతుంది. వెక్స్లర్ లాంటి కిట్లు ఖరీదైనవి, ప్రతి పిల్లాడికీ వాడే రికార్డు ఫారాలు కూడా కొనాల్సినవే. వాటిని జిరాక్స్ తీయకూడదు. మిసిక్, బినే-కామత్‌తో చేస్తే ఖర్చు తగ్గుతుంది, చాలా సందర్భాల్లో అవే సరిపోతాయి. కాబట్టి ఐదారు వేలు తీసుకుని రెండు సిట్టింగులు కూర్చుని, వివరంగా రిపోర్టు ఇచ్చే వాళ్లను తప్పు పట్టను. నలభై నిమిషాల్లో నాలుగు జబ్బుల పేర్లు తేల్చే చోటికి మాత్రం వెళ్లకండి.

ఎవరి దగ్గర చేయించినా ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. దాన్ని సీఆర్‌ఆర్ నంబరు అంటారు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. రిపోర్టు మీద ఆ నంబరు, వాడిన టెస్టుల పేర్లు, ఒక్కో విభాగంలో వచ్చిన స్కోర్లు ఉండాలి. ఈ మూడూ ఇస్తారా అని డబ్బు కట్టే ముందే అడగండి.

జగిత్యాల_చెల్లి | సాయంత్రం 6:40

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఫేస్‌బుక్‌లో చూసి, 999 కడితే ఫోన్‌లోనే పిల్లల ఐక్యూ టెస్టు, పీడీఎఫ్ రిపోర్టు వెంటనే వస్తుందని లింక్ పంపారు. బాబుకు ఆరేళ్లు, ఒక చోట కుదురుగా కూర్చోడు. చేయించమంటారా?

క్లినిక్_టేబుల్ | సాయంత్రం 7:00

వద్దమ్మా. పిల్లాడు జవాబు చెప్పాడా లేదా అన్నదొక్కటే కాదు, ఎలా ప్రయత్నించాడు, ఎక్కడ విసుగొచ్చింది, పెన్సిల్ ఎలా పట్టుకున్నాడు అన్నవి ఎదురుగా కూర్చుని చూడాలి. ఆ పీడీఎఫ్ బడిలో గానీ మెడికల్ బోర్డులో గానీ చెల్లదు. మాట్లాడి సలహా తీసుకోవాలంటే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. టెస్టు చేయరు గానీ ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. ఆరేళ్ల పిల్లాడు కుదురుగా కూర్చోడన్న ఒక్క కారణానికి టెస్టులు అక్కర్లేదు. ఇంట్లో, బడిలో రెండు చోట్లా అలాగే ఉంటూ చదువుకు, స్నేహాలకు అడ్డం పడుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

హన్మకొండ_అమ్మ | రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. నిన్న రాత్రి ఉన్న భయం ఇవాళ లేదు. సోమవారం కంటి డాక్టరు, ఈఎన్‌టీ. డైక్‌కు ఫోన్ చేశా, సైకాలజిస్టు ఉండే రోజు చెప్పారు. లెక్కల సార్ చెప్పినట్టు టీచర్‌కు కాగితం రాసిచ్చా, తీసుకున్నారు.

ఇంకో సందేహం. మా అత్తమ్మ "పిల్లాడి మీద ఆ కాగితం ఉంటే రేపు ముద్ర పడదా" అంటున్నారు. సర్టిఫికెట్ తప్పనిసరా?

సింగరేణి_నాన్న | రాత్రి 9:50

అక్కా, రిపోర్టు వేరు, సర్టిఫికెట్ వేరు. రిపోర్టు మీ దగ్గర ఉంటుంది, ఎవరికి చూపించాలన్నది మీ ఇష్టం. వైకల్య సర్టిఫికెట్ యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, ప్రభుత్వ మెడికల్ బోర్డు చూశాకే ఇస్తారు. ప్రైవేటు సెంటర్ "సర్టిఫికెట్ కూడా మేమే ఇప్పిస్తాం" అని దానికి డబ్బడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ముద్ర గురించి నేనూ చాలా ఆలోచించా. మా పాపను క్లాసులో "చెవిటిది" అని పిలిచిన పిల్లలు రిపోర్టు చదివి పిలవలేదు. రిపోర్టు చదివిన టీచర్ మాత్రం పాపను ముందు బెంచీలో కూర్చోబెట్టింది.

ఖర్చులో అసలు బరువు తర్వాతే ఉంటుంది. థెరపీకి, రెమిడియల్ టీచింగ్‌కు (వెనకబడిన చోట విడిగా నేర్పడానికి) నెల నెలా కట్టాలి. అందుకే చేతిలో ఉన్నదంతా టెస్టుకే పెట్టొద్దని నా మాట. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఇన్సూరెన్సు ఉంది, ఏడాదికి లక్ష వరకు, అందులో థెరపీలకూ కొంత వస్తుంది. లెర్నింగ్ డిజెబిలిటీ ఒక్కటే ఉంటే అది రాదు. పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే వాళ్లకు 40 శాతం సర్టిఫికెట్ ఉంటే 80డీడీ కింద 75,000 మినహాయింపు ఉంది. మా సింగరేణిలో చాలామందికి ఇది తెలియదు.

నిర్మల్_నాన్న | రాత్రి 10:30

ఆలస్యంగా చూశాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ప్రైవేటులో 8,000 పెట్టి చేయిస్తే ఏడీహెచ్‌డీ అని వచ్చింది. దీనితో పదో తరగతి పరీక్షల్లో అదనపు టైమ్ ఇస్తారా?

క్లినిక్_టేబుల్ | రాత్రి 11:05

2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. లెర్నింగ్ డిజెబిలిటీ, ఆటిజం వాటిలో ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు లేదు. కాబట్టి ఆ ఒక్క రిపోర్టుతో వైకల్య సర్టిఫికెట్ రాదు. అయితే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో లెర్నింగ్ డిజెబిలిటీ కూడా కలిసి ఉండటం తరచూ చూస్తాం. అమ్మాయి చదవడం, రాయడంలో కూడా ఇబ్బంది పడుతుందా? అది చూశారో లేదో రిపోర్టులో వెతకండి. చూడకపోతే మొత్తం మళ్లీ కాదు, ఆ భాగం ఒక్కటే చేయించండి. ఐక్యూకు మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు, పాత స్కోర్లు చూపించండి.

లెర్నింగ్ డిజెబిలిటీ అని మెడికల్ బోర్డు తేలిస్తే స్క్రైబ్ (చెప్తే జవాబులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం అడగవచ్చు. 2018లో కేంద్రం ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అని ఉంది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పటికే హెడ్మాస్టరు చేతిలో కాగితం ఉండాలి, కాబట్టి ఈ వేసవిలోనే స్లాట్ బుక్ చేయండి. మెడికల్ బోర్డుకు వెళ్లేటప్పుడు ఒరిజినల్ రిపోర్టు చూపించండి, ఇచ్చేది మాత్రం జిరాక్సే.